మూడో ట్యాంకు ఊపిరి

ఇది డైరీలో కూడా రాసుకోలేదు. ఆర్మీలో ఉన్నన్నాళ్ళూ వాకీటాకీ బటన్ నొక్కే ముందు, చెప్పాల్సిన మాటను పెదవులతో ఓసారి అనుకుని చూసేదాన్ని. నా గొంతంటే నాకే బెరుకు.

ఆ బెరుకుతోనే గల్ఫ్‌లోని మెసయీద్‌లో దిగాను. సర్వీసు ముగిశాక దొరికిన కంపెనీ డ్యూటీ. మంటలార్పే నీళ్ళ ట్యాంకుల భద్రత నా పని. జూన్ నెల. తెల్లారకముందే హెల్మెట్ లోపల చెమట. ఉత్తరం నుంచి ఇసుక గాలి.

ఆ ఉదయం ఆర్డరు: తనిఖీ కోసం మూడో ట్యాంకు ఖాళీ చేయాలి. పంపు మొదలైంది. పైకప్పు మీద పెయింటర్ మల్లేశన్న రెయిలింగుకు రంగు వేస్తున్నాడు. జగిత్యాల వైపు మనిషి. నన్ను 'మూగ సిపాయి' అని ఆటపట్టించేవాడు.

మెట్లు ఎక్కుతుంటే ట్యాంకు గోడ మూలిగి, లోపలికి సొట్ట పడింది. తలెత్తి చూశాను. రంగుకు ముందు తుప్పు గీకేటప్పుడు, ఆ పొడి నీళ్ళలో పడకుండా పెయింటర్లు పైనున్న గాలి గొట్టానికి పాలిథిన్ చుట్టి టేపు వేస్తారు. ఈసారి దాన్ని తీయడం మరిచారు. కవరు లోపలికి బిగుసుకుపోయింది. నీళ్ళు దిగుతున్నాయి, ఖాళీ అయిన చోటులోకి గాలి రావడం లేదు. నీళ్ళ బరువు మోసే గోడ బయటి గాలి నొక్కుడుకు ఆగదు. పీల్చేసిన లబన్ మజ్జిగ డబ్బాలా నలిగిపోతుంది. మల్లేశన్న దాని మీదే ఉన్నాడు.

పెదవులతో అనుకునే సమయం లేదు.

"కంట్రోల్, మూడో ట్యాంకు పంపు ఆపండి."

షిఫ్ట్ సూపర్‌వైజర్‌ది భీమవరం. "ఇప్పుడే కదమ్మా మొదలెట్టాం. ఏమైంది?"

"ముందు ఆపండి సార్. పైన మనిషున్నాడు."

పంపు ఆగింది. మల్లేశన్న కవరు పీకేద్దామని అటు నడిచాడు.

"ముట్టుకోకన్నా, చేయి లాగేస్తుంది. దిగు."

దిగాడు. పొడవాటి కర్రకు బ్లేడు కట్టి, మెట్ల మీద నుంచే కవరుకు చిన్న గాటు పెట్టాం. గాలి ఈల వేస్తూ లోపలికి దూరింది. కాసేపటికి గోడ సొట్ట ధన్‌మని బయటికొచ్చింది. ట్యాంకు నిలిచింది.

అప్పటి నుంచి పంపు వేసే ముందు ఒకరు పైకెక్కి, గాలి గొట్టం మూతి తడిమి చూసి, రేడియోలో చెప్పాలి. ఆ పని నాకే ఇచ్చారు. రోజూ చెప్పాను. పెదవులతో అనుకోవడం ఎప్పుడు మానేశానో గుర్తులేదు.

ఇంటికొచ్చేశాను. కళ్ళు మూస్తే ఇప్పటికీ ఆ పాలిథిన్ కవరే, లోపలికి పీల్చుకున్న చెంపలా.

బయలుదేరిన రోజు క్యాంపు బస్సు దాకా నా పెట్టె మల్లేశన్నే మోశాడు. బస్సులో పెట్టి, చేతులు దులుపుకుని అన్నాడు:

"మూగ సిపాయి అన్న గదా చెల్లె, ఆ మాట వాపస్ తీస్కుంటున్న. నీ గొంతు ఇనే కిందికి దిగిన."