రెండు మిషన్లకు ఒకే పెట్టె

ఖానాపురం హవేలిలో కిరాయి గదిలో నాకొక సర్వర్ ఉండేది. దాని మీద చుట్టుపక్కల సంస్థల ఈమెయిళ్లు నడిపేవాణ్ణి. ఒక్కో సంస్థకు ఒక్కో డొమైన్, అంటే అడ్రసులో @ తర్వాత వచ్చే పేరు; యంత్రం మాత్రం ఒకటే. ఆ వేసవి సెలవులకు ముందు చండ్రుగొండ దగ్గరి మిషన్ బడికి, మణుగూరు అడవి పక్కన మిషన్ దవాఖానాకు ఈమెయిల్ ఏర్పాటు చేశాను. ఇద్దరు ఫాదర్లూ ఒకే మాటన్నారు.

"నా పేరు పెట్టకు, ఫాదర్ అని పెట్టు. మేం బదిలీ అయితం, అడ్రసు ఉండాలె."

ఏ ఉత్తరం ఏ పెట్టెలో పడాలో చెప్పే పట్టికలో పేరుతో పాటు డొమైన్ కూడా రాయాలి. నేను డొమైన్ రాయకుండా ఉత్త 'ఫాదర్' అని రాసి బడి పెట్టెను చూపించాను. బడికి పరీక్షగా ఒక ఉత్తరం పంపితే చేరింది. దవాఖానాకు పంపి చూడలేదు. బద్ధకం, అంతే. దానికి వేరే పేరు పెట్టి తప్పించుకోను.

సెలవులయ్యాక బడి ఫాదర్ కంప్యూటర్ తెరిస్తే దవాఖానా ఉత్తరాలన్నీ అందులోనే ఉన్నాయి. వాటిలో ఒకటి హైదరాబాదు పెద్దాసుపత్రి నుంచి వచ్చింది. దవాఖానా నుంచి అక్కడికి పంపిన రోగికి ఎక్కువ రోజులు లేవని, భార్యను వెంటనే పంపమని. అప్పటికే ఆ రోగి చనిపోయాడు.

దవాఖానా ఫాదర్ బస్సెక్కి నా గదికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. కూర్చుని, సర్వర్ వైపు చూస్తూ ఆ రోగి భార్య సంగతి చెప్పాడు.

"ఆమె రోజూ అడవిలకెళ్లి నడిచొచ్చి అడిగేది, ఉత్తరం వచ్చిందా అని. నేను పెట్టె తెరిచి, ఖాళీగ ఉన్నది సూపిచ్చి, రాలేదమ్మా అని చెప్పిన."