తలుపు బయట మల్లయ్య

1996లో నేను దోహాలో ఒక ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం ఓబులేసుని తీసుకొచ్చారు. కడప జిల్లా మనిషి, నలభై ఏళ్లుంటాయి, ఉమ్ సలాల్‌లో ఒక విల్లాలో హౌస్ డ్రైవర్. మెదడులో రక్తనాళం చిట్లింది. వచ్చేసరికే స్పృహ లేదు. వెంటనే వెంటిలేటర్, అంటే ఊపిరి ఆడించే యంత్రం పెట్టాం.

వెంట వచ్చినవాడు మల్లయ్య. కరీంనగర్ వైపు మనిషి, ఆ విల్లా పక్క తోటలోనే పని. నేను ఫారం తీసుకుని అతని దగ్గరికి వెళ్లాను. అందులో ‘నెక్స్ట్ ఆఫ్ కిన్’, అంటే దగ్గరి బంధువు, అని ఒక గడి ఉంటుంది. రోగి తరఫున ఎవరిని అడగాలి, ఎవరిని లోపలికి పంపాలి అన్నది దాన్ని బట్టే.

“మీరు ఆయనకి ఏమవుతారు?”

“దోస్తును, సిస్టర్.”

“చుట్టరికం ఏమైనా ఉందా?”

“లేదు. తొమ్మిదేండ్ల సంది ఒక్కతాననే ఉంటున్నం. ఆయనకు నేను, నాకు ఆయన. గంతే.”

ఆ మాట నాకు అర్థమైంది. అర్థం కానట్టే ‘ఫ్రెండ్’ అని రాశాను. ఐసీయూలోకి రక్తసంబంధీకులకి, భార్యకో భర్తకో తప్ప అనుమతి లేదు.

పక్క మంచం మీద ఒక హైదరాబాద్ ఇంజనీరు ఉండేవాడు. పెళ్లై రెండు నెలలైన అతని భార్య రోజూ వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చునేది. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు, అడగకూడదు కూడా. మల్లయ్య మాత్రం డ్యూటీ దిగి వచ్చి తలుపు బయట నిలబడేవాడు. ఒక్క నిమిషం పంపండని మా ఇన్‌చార్జిని రెండుసార్లు బతిమాలాను. ఒప్పుకోలేదు.

రెండో రోజు మల్లయ్య నన్ను ఆపాడు.

“మొగోళ్లిద్దరు పెండ్లి చేసుకున్నట్టు కాయిదం ఏడనన్న ఇస్తరా, సిస్టర్? ఇండియాలనన్న ఇస్తరా?”

నేను ముందు అటూ ఇటూ చూశాను. ఆ మాట అక్కడ ఎవరి చెవినైనా పడితే జైలే. మన దేశంలోనూ అప్పుడు అది నేరమే.

“గట్టిగా అనకండి” అన్నాను.

మూడో రోజు డాక్టర్లు ఆశ వదులుకున్నారు. ఓబులేసు కఫీల్, అంటే యజమాని, కడపలో ఉన్న అన్నకి ఫోన్ చేయించాడు. ఆరేళ్లుగా తమ్ముడితో మాటల్లేని అన్న. ఏం చేయమంటారని అడిగితే “మీ ఇష్టం, శవాన్ని పంపండి” అన్నాడట. బంధువు మాటగా ఆ మాటే ఫైల్లోకి ఎక్కింది. సాయంత్రానికి ఓబులేసు పోయాడు.

మల్లయ్య వచ్చేసరికి మంచం ఖాళీ. మార్చురీకి పరుగెత్తి, తమ్ముణ్నని చెప్పాడు. గుర్తింపు కార్డుల్లో ఇంటిపేర్లు కలవలేదు. పొమ్మన్నారు.

తిరిగొచ్చి నన్ను అడిగాడు. “మొఖం ఎట్లుండె, సిస్టర్?”

“నిద్రపోయినట్టే ఉన్నారు.”

అబద్ధం. గొట్టాలకి ముఖమంతా వాచిపోయి ఉంది. అతను తలూపి వెళ్లిపోయాడు.

శవంతో పాటు వెళ్లడానికి అతనికి సెలవు దొరకలేదు. ఎవరు పోయారని అడిగితే ఏం చెప్పగలడు? ఆ తర్వాత మల్లయ్య ఏమయ్యాడో నాకు తెలియదు.

పెళ్లంటే మంత్రాలు, భోజనాలు అనుకునేదాన్ని. చనిపోతున్న మనిషి పక్కన కూర్చోగలిగే హక్కు కూడా అదేనని ఆ మూడు రోజుల్లో తెలిసింది. ఇద్దరు మగవాళ్లకైనా, ఇద్దరు ఆడవాళ్లకైనా చట్టం ఆ హక్కు ఇచ్చి తీరాలని ఇప్పుడు ఎవరడిగినా చెబుతాను. అప్పుడు ఆ మాట పైకి అనలేదు. అన్నా నా ఉద్యోగం పోయేదే తప్ప అతన్ని లోపలికి పంపేవారు కాదు. నేను మల్లయ్య మీద జాలి పడ్డాను, నిజంగానే పడ్డాను. అది అతనికి ఎందుకూ పనికిరాలేదు.