తోలు సీట్ల సంరక్షణ

తెల్లాపూరు గేటెడ్ కమ్యూనిటీలో నివసించే అవినాష్, తన పికప్ ట్రక్కు తోలు సీట్లు పదికాలాలపాటు మన్నాలని, కంపెనీవారు తొడిగిన ప్లాస్టిక్ కవరును నేటికీ తీయలేదు. దానిపై దుప్పటి, దుప్పటిపై తువ్వాలు పరిచి, హైటెక్ సిటీలోని ఆఫీసుదాకా వీపు ఆనించకుండా నిటారుగా కూర్చునే నడుపుతాడు.

"ఏమండీ, మూడేళ్లుగా నేను కూర్చుంటున్నది తువ్వాలు మీదే! ఆ తోలు ఎలా ఉంటుందో ఇవాళైనా చూడనివ్వండి," అని పెళ్లిరోజున భార్య జయంతి పట్టుబట్టింది. అతడు నిట్టూర్చి, నిద్రపోతున్న పసిబిడ్డకు చొక్కా విప్పుతున్నంత సున్నితంగా కవరు తొలగించాడు. లోపలి చెమ్మకు బూజు పట్టిన తోలు పెచ్చులు పెచ్చులుగా ఊడి, కవరుతోపాటే వచ్చేసింది. అవినాష్ ఆ కవరును జాగ్రత్తగా మళ్లీ తొడిగాడు.

"చూశావా? తీస్తే పాడవుతుందని మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను!"