చెరువు గట్టు మీది ఫోను

కొన్నేళ్లుగా నన్ను లోపల్లోపల తినేస్తున్న మాట ఇది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నన్ను ఎరగరు కాబట్టి.

మాది కొల్లేటి పక్క ఊరు. రోజూ బస్సెక్కి ఏలూరు వెళ్లి, ఒక కంటి ఆసుపత్రిలో ఆయాగా చేస్తాను. ఏటా నాట్ల రోజుల్లో మా పక్క ఊళ్లన్నిటికీ కలిపి గుండుగొలనులో మా ఆసుపత్రివాళ్లు ఉచిత కంటి శిబిరం పెట్టేవారు. ముందుగా మైకు ఆటో వీధివీధికీ తిరిగి చాటేది. ఆడవాళ్లు చేపలు తోముతూనే విని, చెయ్యి కడుక్కుని, ఎవరెవరు కలిసి వెళ్లాలో అక్కడికక్కడే అనేసుకునేవారు.

ఆ ఏడు ప్రచారం చూసే మేనేజరుగారు నన్ను పిలిచారు. ప్రకటనలన్నీ ఇప్పుడు ఫోనుల్లోకి వెళ్లిపోతున్నాయట. మైకు మానేసి వీడియోలే పెడదామని ఆయన ఆలోచన. అయినా మా ఊరి సంగతి మా మనిషి నోట వినాలనుకున్నారు.

"ఏమ్మా, మీ కొల్లేటోళ్లు చేపల కంటే రీల్సే ఎక్కువ పడుతున్నారటగా?" అని నవ్వారు.

"ఆయ్, చూస్తారండీ."

"ఇంటింటికీ ఫోనుందా?"

"ఉందండీ."

"మరి ఆడవాళ్ల సంగతో? నిజం చెప్పు. నీ మాట మీదే మైకు ఆపుతున్నా."

"మైకెవరు వింటున్నారండీ ఈ రోజుల్లో? అంతా ఫోనేనండీ."

ఇంటింటికీ ఫోనున్న మాట నిజమే. కానీ అది ఇంట్లో ఉండదు. తెల్లారగానే మగవాళ్ల జేబులో చేపల చెరువు గట్టుకు పోతుంది. మేత బండి ఎక్కడిదాకా వచ్చింది, చేప రేటెలా ఉంది, అన్నీ దానిమీదే. ఆడవాళ్లకు కబురందేది మైకులోనే. ఇది నాకు తెలియదా? ఆ ఒక్క ముక్క చెబితే ఆయన మగవాళ్లకు వీడియో, ఆడవాళ్లకు మైకు, రెండూ పెట్టేవారే.

చెప్పలేదు. మా చెల్లెలి కూతురు జ్యోతిని ఆ వీడియోలు తీయడానికే కొత్తగా తీసుకున్నారు. మొగుడు వదిలేశాక దానికి దొరికిన మొదటి ఆధారం అది. మైకు ఉంటే దాని పని పోతుందని భయపడ్డాను. భయమా, స్వార్థమా? రెండూ కలిసిపోతే విడదీయడం నాకు చేతకావడం లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. శిబిరం ఎప్పుడో నాకు తెలుసు. మా పక్కింటి సువార్తమ్మకు గోడ మీంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది. నిరుటి శిబిరంలో డాక్టరుగారు ఆమె కంట్లో ఒత్తిడి పెరుగుతోందని, మళ్లీ తప్పకుండా రమ్మని చెప్పారు. ఆమె మైకు కోసం చూస్తూనే ఉంది.

"మైకు రాలేదేంటి వదినా? మన కళ్లన్నీ బాగైపోయాయనుకుంటున్నారా ఏంటి, ఆ డాక్టర్లు?" అంది.

నవ్వి ఊరుకున్నాను. శిబిరం గుమ్మంలో ప్రతి మనిషినీ ఎలా తెలిసిందని అడుగుతారు. ఫోనులో చూడలేదు, వదిన చెప్పిందని ఆమె అంటే నా అబద్ధం బయటపడదా? అందుకే ఊరుకున్నాను. శిబిరానికి అంతా మగవాళ్లే వచ్చారు. ఈసారి నాట్లన్నీ ఒక్కసారే పడ్డాయండీ, ఆడవాళ్లు చేలల్లో ఉన్నారని మేనేజరుగారికి నేనే సర్దిచెప్పాను.

సువార్తమ్మ గడప తట్టుకుని పడిపోయాక ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా నేనే. పోయిన చూపు ఇక రాదని, అప్పుడే వచ్చి ఉంటే నిలబెట్టేవాళ్లమని డాక్టరుగారు అంటుంటే, నేను చీపురు అందుకుని ఊడ్చిన నేలనే మళ్లీ ఊడ్చాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆమె నా చెయ్యి పట్టుకుని చర్చికి వస్తుంది. నా అరచేయి చెమటకి తడిసిపోతుంది. జ్వరమా వదినా అని అడుగుతుంది. ఆ వేళ్లకి ఏదో తెలిసిపోతుందని నాకు భయం.

మొన్న మేనేజరుగారు మళ్లీ పిలిస్తే, ఫోను చెరువు గట్టున ఉంటుందని, మైకు కూడా కావాలని చెప్పేశాను. "అప్పుడీ మాట చెప్పలేదే?" అన్నారు. మర్చిపోయానండీ అన్నాను. నాకు మరుపన్నది లేదని మా వీధి వీధంతా ఎరుగును.

మళ్లీ మైకు తిరుగుతోంది. సువార్తమ్మకు దానితో పని లేదు. ఆమెకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు, వస్తుందో లేదో తెలియదు. మీ ముందైనా అననివ్వండి. నేను మర్చిపోలేదు. తెలిసే చేశాను.