గీకితే గాని నమ్మని మావయ్య

మా చిన్నమావయ్యకు క్యూఆర్ కోడ్ కనబడితే చేతులు ఊరుకోవు. గోటితో గీకాలి, టీ చుక్క వెయ్యాలి, ఓ పక్క చించాలి. అలా పాడైన నల్లగళ్ళ ముద్రను ఫోన్ చదివిందా, పరమానందం. చదవలేదా, దాన్ని తయారుచేసినవాళ్ళకు పాఠం తప్పదు. ఇంటిల్లిపాదీ, ఆఫీసంతా ఆయన్ని గీకుడు మావయ్య అనే అంటాం.

ఓసారి బస్సులో తన టికెట్టును ఉండచుట్టి, మోకాలి మీద సాపుచేసి చెకింగాయన చేతికిచ్చాడు.

"దీన్ని నమిలారాండీ?" అన్నాడాయన.

మిషన్ మాత్రం ఠక్కున చదివేసింది. అత్తయ్య కిటికీ వైపు తిరిగి, ఈయనెవరో తెలియనట్టు కూర్చుంది. మావయ్య పక్క సీటాయనకు పాఠం మొదలుపెట్టాడు. మూడు మూలల్లో ఉన్న పెద్ద చదరాలు దాని కళ్ళట, వాటి జోలికి పోకూడదట. మిగతా ఒంట్లో అసలు సంగతితో పాటు, పోయిన ముక్కను లెక్కకట్టి తిరిగి తెచ్చుకునే అదనపు గళ్ళుంటాయట. అవి దండిగా పెడితే మూడోవంతుకు దగ్గరగా చెడినా ఫరవాలేదట. పక్క సీటాయన తన స్టాపు రాకముందే దిగిపోయాడు.

ఆసుపత్రి ల్యాబులో నాకు ఉద్యోగం వేయించింది కూడా ఈ మహానుభావుడే. రక్తం ట్యూబులకు అంటించే లేబుళ్ళు మేమిద్దరమే ముద్రించేవాళ్ళం. చేరిన మూడో నెలలోనే నేను తాతకు దగ్గులు నేర్పబోయాను. పసిపిల్లల ట్యూబులు సన్నవి కదా అని, అదనపు గళ్ళు తగ్గించి కోడ్ చిన్నది చేశాను. లేబుల్ ముచ్చటగా అతుక్కుంది. పెద్ద డాక్టరుగారు శభాష్ అన్నారు. మావయ్య వచ్చి తడి బొటనవేలితో ఒక్క రుద్దు రుద్దాడు. స్కానర్ కిక్కురుమనలేదు.

లేబుల్ జెండాలా బయటికి పొడుచుకొచ్చినా సరే, పిల్లల ట్యూబులకూ అదనపు గళ్ళు దండిగా ఉన్న తన పెద్ద కోడే ఉండాలని మొత్తం మార్చేశాడు. నలుగురిలో పరువు తీశాడని నెల్లాళ్ళు ఆయనతో మాట మానేశాను.

మరుసటి ఏడాది మా ఆసుపత్రిలోనే మా పాప నెలలు నిండకుండా పుట్టింది. చెయ్యి నా బొటనవేలంత. నర్సమ్మ ఎంతోసేపు వెతికి, నరం దొరకబుచ్చుకుని నాలుగు చుక్కల రక్తం తీసింది. ఆ ట్యూబు ల్యాబుకు వచ్చే దారిలో, డబ్బాలో కరిగిన ఐసు నీళ్ళలో నాని, లేబుల్ చెరిగి, ఓ పక్క ఊడి నా చేతికొచ్చింది. ఎవరిదో తేలకపోతే పారేసి, మళ్ళీ గుచ్చి తియ్యాల్సిందే. నా పై ప్రాణాలు పైనే పోయాయి. స్కానర్ పెట్టాను, పలకలేదు. లేబుల్ మెల్లగా అద్ది మళ్ళీ పెట్టాను. మా పాప వివరాలు తెర మీద పడ్డాయి.

వెంట వచ్చిన నర్సమ్మ ఊపిరి పీల్చుకుని అప్పుడు చెప్పింది. చాలా ఏళ్ళ కిందట ఇలాగే ఓ లేబుల్ చెరిగిపోతే, రక్తం మళ్ళీ కావాలని అడగడానికి మావయ్యే వార్డుకు వెళ్ళాడట. పసివాణ్ణి రెండోసారి గుచ్చుతుంటే, వాడి తల్లికంటే ఎక్కువ ఏడ్చాడట. ఆ మర్నాటి నుంచే ఈ గీకుడు మొదలైందట.

జన్మంతా ఆయనకు రుణపడి ఉంటానని చెప్పాలని లేబుళ్ళ గదికి పరుగెత్తాను. మావయ్య క్యారేజీ విప్పుకుంటూ నావైపు చూశాడు.

"పాపని ఎన్నిసార్లు గుచ్చార్రా?"

"ఒక్కసారే, మావయ్యా."

"అయితే కూర్చో, అన్నం తిందాం," అని మూతలోకి సగం తీసి నా ముందుకు జరిపాడు.