సక్రి వెతికిన హెల్మెట్

దారిలో ఎవరు ఎదురైనా సక్రి చూపు ముఖం మీదికి కాక ముందు నెత్తి మీదికే పోయేది. నల్ల హెల్మెట్ కనిపించిందంటే స్కూటీ వేగం తగ్గించి, ఆ మనిషి గడ్డం కింది పట్టీ కనబడేదాకా వెనకే పోయేది. రెండేళ్లుగా అదే వరస. చింతలబోడు తండాలో ఆమె ఆశా వర్కరు. తండాతోపాటు దమ్మపేట అడవి అంచున ఉన్న రెండు కోయగుంపులు, అంటే కోయల చిన్న పల్లెలు, కూడా ఆమె కిందికే వస్తాయి. మందుల సంచి తగిలించుకుని తిరిగే మనిషి కాబట్టి ఏ వాకిట్లోకైనా పోవచ్చు, ఎవరినైనా నాలుగు మాటలు అడగొచ్చు. ఆ వీలునంతా ఆమె భర్త హెల్మెట్‌ను వెతకడానికి వాడుకుంది.

భర్త పూల్‌సింగ్ సత్తుపల్లి బొగ్గుగనిలో కాంట్రాక్టు పని చేసేవాడు. రోజూ బండి మీద పోయి వచ్చేవాడు. ముఖమంతా మూసే నల్ల హెల్మెట్ కొన్న కొత్తలో పట్టీ మెడకు ఒరుసుకుని దద్దుర్లు లేస్తున్నాయని గొణిగేవాడు. సక్రి తన పాత జాకెట్‌లోంచి మెత్తటి ఎర్రగుడ్డ కత్తిరించి, దానికి మూడు అద్దాలు కుట్టి, పట్టీకి తొడుగు చేసింది. "పెండ్లికొడుకు లెక్క ఉన్నవ్ రా" అని గని దగ్గర అందరూ ఏడిపించేవారట. అయినా అతను దాన్ని తీసెయ్యలేదు.

రెండేళ్ల కిందట పత్తి తీతల కాలంలో, ఒక సాయంత్రం, టేకుతోట మలుపులో అతను పడిపోయాడు. ఐదున్నరకు సక్రి ఫోన్ చేస్తే అడవి దాటుతున్నానని చెప్పాడు. ఆరింటికి చందూలాల్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. చందూలాల్ తండాలో కిరాణం నడుపుతాడు. పూల్‌సింగ్‌కు పెద్దనాన్న కొడుకు. సరుకులు తెచ్చుకుంటూ ఆ దారినే వస్తూ, కల్వర్టు పక్కన పడివున్న తమ్ముణ్ణి మొదట చూసింది అతనే. ఎద్దు అడ్డం వచ్చిందని కొందరన్నారు. మట్టి టిప్పరు రాసుకుంటూ పోయిందని ఇంకొందరన్నారు. చూసినవాడు ఎవడూ లేడు.

ఖమ్మం దవాఖానాలో ఎడమ చెవి పైన పుర్రెకు ఆపరేషన్ చేశారు. పూల్‌సింగ్ బతికాడు. కానీ ఆ రోజు అతని బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. కుడిచేతికి పట్టు తగ్గింది, మాట తడబడేది. వెలుతురు ఎక్కువైతే తల పట్టుకుని కూర్చునేవాడు. గని పని పోయింది.

ఆపరేషన్ చేసిన డాక్టరు, "హెల్మెట్ ఉంటే దెబ్బ ఇంత లోతు పోయేది కాదమ్మా" అన్నాడు.

"ఉంది సారూ" అంది సక్రి. "పొద్దున క్లిప్పు పెట్టి పంపింది నేనే."

పోలీసు కాగితంలో మాత్రం హెల్మెట్ ధరించలేదని రాసి ఉంది. ఆ ఒక్క ముక్క ఆమెను ముల్లులా గుచ్చింది. నా మొగుణ్ణి బాధ్యత లేనివాణ్ణి చేశారని స్టేషన్‌కు మూడుసార్లు పోయి గొడవపడింది. "పెట్టుకుంటే మరి హెల్మెట్ ఏదమ్మా?" అని హెడ్ కానిస్టేబుల్ అడిగేవాడు. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర ఒకటే జవాబుండేది. ఎవరో తీశారు.

ఎవరు తీశారు? మొదట అంబులెన్సు వాళ్ల మీద అనుమానం పోయింది. ఫోన్ నంబరు సంపాదించి అడిగింది. మేం వచ్చేసరికే నెత్తి మీద హెల్మెట్ లేదని వాళ్లు చెప్పారు. అంటే వాళ్లకంటే ముందు వచ్చినవాడు? ముందు వచ్చింది చందూలాల్. పైగా ఆ సంఘటన జరిగిన నెల తిరక్కుండా చందూలాల్ నల్ల హెల్మెట్ ఒకటి పెట్టుకుని తిరగసాగాడు. తమ్ముడి గతి కళ్లారా చూసి భయపడి కొనుక్కుని ఉండొచ్చని ఆమెకు తట్టలేదు. అద్దాల తొడుగు కోసి పారేశాడనే తట్టింది. ఒకరోజు అతను కొట్లో ఉండగా, బయట బండి అద్దానికి తగిలించిన హెల్మెట్‌ను తీసి, పట్టీ మీద కుట్టుపోగులు ఏమైనా మిగిలాయేమోనని వెలుతురుకు పెట్టి చూస్తుండగా చందూలాల్ బయటికి వచ్చాడు.

"ఏం చూస్తున్నవ్ సక్రీ?"

ఆమె తడుముకోలేదు. కొట్టు ముందు జనం ఉన్నారని కూడా చూడలేదు. "ఇది నా మొగుని నెత్తి మీదిది కాదని ఒట్టేసి చెప్పు బావా" అంది.

చందూలాల్ మొహం నల్లబడింది. "నెత్తురు కారుతుంటే నా ఒళ్లో పెట్టుకుని కూసున్న. నేను టోపీ దొంగనా?" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు. అతని భార్య సోమ్లి బోరింగు దగ్గర ఎదురైతే బిందె పక్కకు జరుపుకునేది. పూల్‌సింగ్ అరుగు మీద కూర్చుని, "అన్న రాలే?" అని అడిగేవాడు. సక్రి లేచి లోపలికి పోయేది.

ఆ దెబ్బ తగిలిన కొత్తలోనే ఆమె స్కూటీ నేర్చుకుంది. బస్సుల కోసం నిలబడితే భర్త మందుల వేళ తప్పుతోంది మరి. తానూ పూర్తిగా ముఖం మూసే హెల్మెట్ పెట్టుకునేది. మోచేతులు కప్పే మందపాటి చొక్కా, కాళ్లకు బూట్లు. తండా ఆడవాళ్లు మొదట నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. దొంగ దొరికేదాకా తనకేం కాకూడదని మనసులో అనుకునేది.

మొన్న వర్షాలకు ముందు, బీపీ చూడడానికి మద్దిగుంపుకు పోయింది. ముత్తక్క అనే కోయ ముసలామె ఇల్లు. పోయినసారి బీపీ ఎక్కువగా ఉందని ఈసారి వాకిట్లో కాకుండా లోపల చాప వేసి పడుకోబెట్టింది. చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతుండగా, దూలం మీద కోడి కొక్కొక్కుమంది. సక్రి తల ఎత్తింది. కోడి ఒక నల్లటి గిన్నెలాంటి దాంట్లో పొదుగుతోంది. దాని కింద ఒక పట్టీ వేలాడుతోంది. పట్టీకి ఎర్రగుడ్డ. మూడు అద్దాల్లో ఒకటి రాలిపోయింది.

గాలి కొట్టే బుడ్డి చేతిలోంచి జారిపోయింది.

"అక్కా, అదెక్కడిది?"

ముత్తక్క లేచి కూర్చుని భర్త వైపు చూసింది. గోపాలు గడప దగ్గర తాడు పేనుతున్నాడు. చేతులు ఆగిపోయాయి.

"దొరికింది" అన్నాడు.

"యాడ దొరికింది? ఎవరి నెత్తి మీదికెళ్లి గుంజినవ్?"

"అయ్యో, నెత్తి మీదికెళ్లి కాదమ్మా. తెల్లారి మేకలు తోలుకపోతుంటే దొరికింది. కల్వర్టు ఇవతల, వెదురు పొదల ఇరికి ఉంది. యాక్సిడెంటు అయిందని ఆడికి పోయినంకనే తెలిసింది. పోలీసోళ్లకిద్దామంటే నువ్వే కొట్టి ఉంటవని నన్ను లోపలేస్తరేమో అని భయమైంది."

"రెండేండ్లు దాచిపెడ్తవా?"

"నీ మొగునిదని ఎరక లేదు. ఎరకైతే ఇయ్యకపోదునా? నువ్వు మా ఇంటికి ఎప్పుడొచ్చినా వాకిట్లకే వస్తివి" అన్నాడు గోపాలు.

సక్రి నమ్మలేదు. నిచ్చెన అడిగి తానే ఎక్కింది. కోడి చేతి మీద రెండు పోట్లు పొడిచింది. గుడ్లన్నీ ముత్తక్క కొంగులోకి అందించి, హెల్మెట్ కిందికి దింపి, ఎండలోకి తెచ్చి, చున్నీతో తుడిచింది. పెంట పోయింది, దుమ్ము పోయింది. దెబ్బ ఎక్కడుందా అని చూసింది. ఎవడైనా గట్టిగా లాగితే పట్టీ తెగాలి. తెగలేదు. క్లిప్పు విరగలేదు. పూల్‌సింగ్ తల కల్వర్టు రాయికి కొట్టుకుంది ఎడమవైపు. ఆమె ఎడమవైపును అరచేత్తో రాసి చూసింది. మళ్లీ రాసింది. నున్నగా ఉంది. వెదురు కొమ్మలు గీకిన సన్నటి గీతలు తప్ప ఇంకేమీ లేవు. కొన్న రోజు మెరిసినట్టే నల్లగా మెరుస్తోంది.

దెబ్బ తిన్న తల మీద లేని హెల్మెట్ అది.

గోపాలు మెల్లగా అన్నాడు. "పట్టుకపో అమ్మా. నీదే గదా."

ముత్తక్క మాత్రం కొంగులో గుడ్లు పట్టుకునే, "నాలుగు రోజులైతే పిల్లలొస్తయి" అంది, అడిగీ అడగనట్టు.

సక్రి గుడ్లను ఒక్కొక్కటే తీసుకుని మళ్లీ హెల్మెట్‌లో పెట్టి, దాన్ని దూలం మీదికి ఎక్కించింది. ముత్తక్కకు బీపీ చూసి, మాత్రలు ఇచ్చి, పుస్తకంలో రాసుకుని బయల్దేరింది. గోపాలు అబద్ధం ఆడుతున్నాడని అనుకోవడానికి దారి పొడుగునా ప్రయత్నించింది. కుదరలేదు.

టేకుతోట మలుపు దగ్గర స్కూటీ ఆపింది. ఫోన్ మోగుతోంది. ఆరోగ్య కేంద్రం నుంచి. ఎత్తుదామని చెవి దగ్గర పెట్టుకోబోతే ఫోను హెల్మెట్‌కు తగిలింది. అక్కడే ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ సాయంత్రం పూల్‌సింగ్ గొంతు ఎంత స్పష్టంగా వినిపించిందో! మాట వెనక గాలి హోరు. బండి ఆపలేదు. "అడవి దాటుతున్న, పావుగంటల ఉంటా, ఏమన్న తేవాల్నా?" అన్నాడు. టమాటలు తెమ్మంది. ఎన్ని అని అడిగితే అరకిలో అంది. ముఖం మూసే హెల్మెట్ పెట్టుకున్నవాడి చెవికి ఫోనెట్లా ఆనుతుంది? తీసి మోచేతికో, ట్యాంకు మీదో పెట్టుకుని మాట్లాడాడు. మళ్లీ నెత్తికి పెట్టుకోకముందే పడి ఉంటాడు, అది ఎగిరి పొదల్లో పడి ఉంటుంది. ఆ గాలి చప్పుడు ఆమెకు రెండేళ్లుగా తెలుసు. ఒక్కసారి కూడా దాని వైపు మనసు పోనియ్యలేదు. లోకమంతటినీ అనుమానించింది, ఆ చప్పుడు ఒక్కటి తప్ప.

ఆ ఎండలో, కల్వర్టు రాయి మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

ఇంటికి వచ్చి భర్తకు చెప్పకుండా ఉండాలనుకుంది. అన్నం కలిపి పెడుతుంటే అతనే అడిగాడు. "ఏమైంది? కండ్లెందుకు గట్లున్నయ్?"

"హెల్మెట్ దొరికింది."

"ఎవడు... ఎవడు తీసిండు?"

"ఎవ్వలు తియ్యలే. నువ్వే తీసినవ్. నేను ఫోన్ చేసిన, నువ్వు తీసి మాట్లాడినవ్. టమాటల కోసం చేసిన. రెండేండ్లు ఊరి మీద పడి తిరిగిన గానీ, చేసింది నేనే."

పూల్‌సింగ్ ముద్ద నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలాడు. అతనికి మాట కూడదీసుకోవడానికి టైము పడుతుంది.

"ఫోన్ ఎత్తింది... నేను గదా" అన్నాడు చివరికి. "బండి ఆపి ఎత్తొచ్చు. ఆపలే." ఇంకో ముద్ద కోసం చెయ్యి చాపాడు.

స్టేషన్‌కు ఆమె మళ్లీ పోలేదు. కానీ మర్నాడు పొద్దున్నే, కొట్టు దగ్గర పాలకు, బెల్లానికి జనం నిలబడే వేళ చూసి, చందూలాల్ ముందుకు పోయింది. పదిమందిలో అన్నాను, పదిమందిలోనే చెప్తానని ముందే అనుకుంది. హెల్మెట్ ఎక్కడ దొరికిందో, ఎట్లా ఉందో చెప్పింది. ఫోన్ సంగతి దాచలేదు.

"తప్పు నాదే బావా. నిన్ను దొంగను చేసిన."

చందూలాల్ తక్కెడలో బెల్లం తూస్తూనే ఉన్నాడు. "అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

"రెండేండ్లు మా ఇంట్ల పిల్లలు సుత తల దించుకుని తిరిగిండ్రు. ఇప్పుడు తప్పు నాదంటే నేనేం జెయ్యాలె?" పొట్లం కట్టి ఎవరికో ఇచ్చి లోపలికి వెళ్లిపోయాడు. సోమ్లి గడపలోకి వచ్చి నిలబడింది. "ఇయ్యాల్టికి పో సక్రీ" అంది. గొంతులో కోపం ఉంది గానీ, పేరు పెట్టి పిలవడం రెండేళ్లలో అదే మొదలు.

తండా ఆడవాళ్ల మీటింగుల్లో సక్రి ఇప్పుడు సూదిమందులు, రక్తహీనతలతోపాటు ఈ సంగతి కూడా చెబుతుంది. బండి మీద ఉన్నవాడికి ఫోన్ చెయ్యకండి, చేసినా బండి ఆపేదాకా ఎత్తవద్దని ఇంట్లోనే చెప్పి పంపండి అంటుంది. కొందరు వింటారు. కొందరు ఆమె ముఖం వైపు జాలిగా చూస్తారు.

నెల రోజుల తర్వాత ఒక ఆదివారం చందూలాల్ తమ్ముడి ఇంటికి వచ్చాడు. సక్రితో మాట్లాడలేదు. ఆమె ఇచ్చిన చాయ్ ముట్టుకోలేదు, చల్లారిపోయింది. అరుగు మీద తమ్ముడి పక్కన కూర్చుని కాసేపు పత్తి గురించి, కోతుల గురించి చెప్పాడు. పూల్‌సింగ్ ప్రతి మాటకూ అవ్ అవ్ అంటూ నవ్వుతున్నాడు.

"లే, కాల్వ దాక నడిచొద్దాం" అన్నాడు చందూలాల్.

పూల్‌సింగ్ కుడిచేతిని తన భుజం మీద వేసుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ తీసుకుపోయాడు.