విషం మేడం

కాలేజీలో పిల్లలు ఆమెను విషం మేడం అంటారు. మొక్కల్లోని విషాలు కణాన్ని ఎలా చంపుతాయో ఏళ్ల తరబడి ఒకే గొంతుతో చెబుతోంది. సుద్దముక్క విరిగినా, వెనక బెంచీలో ఎవరైనా గురకపెట్టినా ఆ గొంతు మారదు. ఇంట్లోనూ కూరగాయలను ముద్దాయిల్లా అటూ ఇటూ తిప్పి చూస్తుంది. మొలకొచ్చిన బంగాళాదుంపకు క్షమాభిక్ష లేదు. అత్తగారి దృష్టిలో ఇదంతా చాదస్తం. అందుకే, మోకాళ్ల నొప్పులకు మంచిదని ఎవరో చెప్పిన చేదు బాదంపప్పును కోడలి కంట పడకుండా గుప్పెడు నమిలి, కాసేపటికి వంటగది గడపలో కూలబడింది. ఒళ్లో మిగిలిన పలుకులు చూడగానే కోడలికి సంగతి అర్థమైంది.

ఆసుపత్రి వరండాలో భర్త, "ఆక్సిజన్ పెట్టారుగా, ఇంకా ఎందుకా ఆయాసం?" అని అడిగాడు. "రక్తంలో ఆక్సిజన్ నిండుగానే ఉంది. ఆ పప్పు వల్ల ఒంట్లో సైనైడ్ పుట్టింది. అదుంటే కణాలు ఆక్సిజన్‌ని వాడుకోలేవు, శక్తి తయారవదు," అంది, పాఠం చెప్పినట్టే. భర్త ఆమె చంకలోంచి తల్లి చెప్పులు తీసుకున్నాడు. అవి అక్కడికెలా వచ్చాయో ఆమెకు తెలియదు.

విరుగుడు పనిచేసింది. మర్నాడు అత్తగారు కళ్లు తెరిచి, "నువ్వు చెబుతూనే ఉన్నావమ్మాయ్. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు," అంది. కోడలు కుర్చీ దగ్గరకు లాక్కుని, "కణమంటే ఏంటంటే అత్తయ్యా..." అని మొదలుపెట్టింది. రెండో మాటకే ఆవిడ నిద్రలోకి జారుకుంది. కోడలు మాత్రం ఆవిడ ఛాతీ పైకీ కిందికీ కదలడం చూస్తూ, పాఠం చివరిదాకా చెప్పింది.